ఆడపిల్లకి వాటా దక్కనివ్వనిది మతమా, మనమా?

మూడోబెంచి: చట్టం ఇచ్చిన ఆస్తి వాటాని కూడా ఆడవాళ్లు నోరు తెరిచి అడగలేకపోతున్నారంటే కారణం మతమే. కొడుకు తలకొరివి పెడితేనే పైలోకం అని నమ్మే ఇంట్లో కూతురికి సమానంగా ఎలా పంచుతారు? ఆడవాళ్లకి ఆస్తి హక్కు ఇవ్వబోయిన హిందూ కోడ్ బిల్లుకి అడ్డుపడ్డవాళ్లు చెప్పిందీ ధర్మం పేరే. 1951లో అంబేడ్కర్ మంత్రి పదవి వదిలేసింది కూడా చాలావరకు ఆ బిల్లు ఆగిపోయినందుకే.

పాతకాపు: అన్నిటికీ మతాన్ని లాగకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ 1986లోనే కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చారు. ఏ పూజారి అడ్డొచ్చాడు?

మూడోబెంచి: అప్పటికే పెళ్లయినవాళ్లని ఆ చట్టం వదిలేసింది, అది చెప్పరేం? పెళ్లయితే గోత్రం మారిపోయింది, ఇక పరాయిది అనే లెక్కే కదా.

పాతకాపు: 2005లో కేంద్రం అదీ సరిచేసింది. ఇంకేం కావాలి?

చిన్నగీత: ఒక్క హిందువుల గొడవే కాదండీ. కేరళలోని పాత తిరువాన్కూరు సంస్థానపు క్రైస్తవ వారసత్వ చట్టంలో వీలునామా లేకపోతే కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. దాని మీద మేరీ రాయ్ అనే కేరళ క్రైస్తవ మహిళ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచారు.

ఉల్లిపొర: నాతో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించినప్పుడు దేవుడి ఊసే ఎవరూ ఎత్తలేదు. పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా అన్నారు. పెట్టకపోతే పుట్టింటికి రాకపోకలు ఉండవని నాకు తెలుసు, అంతే.

పాతకాపు: మరి ఇచ్చింది లెక్కలోకి రాదా? మా చెల్లెలి కట్నానికి రెండెకరాలు అమ్మాం. అమ్మ మంచాన పడితే ఎత్తి దించింది నేనూ, నా భార్యానూ. చెల్లెలు పండక్కి వచ్చి చీర పెట్టించుకుని వెళ్లేది. ఇప్పుడు కోర్టు నోటీసు. మీకేం, ఎన్నైనా చెప్తారు!

ఉల్లిపొర: కట్నం 1961 నుంచీ నేరం, దాన్నే వాటా అని చూపిస్తారా? నిజం చెప్పండి, ఎత్తి దించింది మీరా, మీ భార్యా? ఆవిడ పేరున ఎంత రాశారు?

పాతకాపు: మా ఇంటి సంగతి మీకెందుకు.

మూడోబెంచి: ఎత్తింది మీరేగా.

పాతకాపు: సరే, అమ్మని చూసుకోని మనిషికి వాటా ఎందుకు? దీనికి మాత్రం ఒక్కరూ జవాబు చెప్పరు.

ఉల్లిపొర: చూడని కొడుక్కి ఎందుకు ఇస్తున్నారో అందుకే.

చిన్నగీత: పాతకాపు గారూ, మీ పంపకం 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్ అయ్యిందా? అయితే 2005 చట్టం కింద దాన్ని తిరగదోడలేరు.

పాతకాపు: కాగితం ఎక్కడిదండీ, పెద్దమనుషుల ముందు నోటిమాటే.

చిన్నగీత: నోటిమాట పంపకాన్ని మామూలుగా ఒప్పుకోమని 2020 తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. లాయర్ని కలవండి.