సమస్యాపూరణం: "అమ్మినాక బండి యయ్యె తనది"

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య ఆటవెలదిలో చివరి పాదం. దానికి ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తి చేయాలి.

అమ్మినాక బండి యయ్యె తనది

అమ్మితే పరాయిదవ్వాలి గానీ తనదెలా అవుతుంది? ఆ చిక్కు విప్పాలి. విషయం కూడా నేనే ఇస్తున్నాను. దూర ప్రయాణాలు తిరిగిన మోటార్‌సైకిల్‌ని షోరూంలో ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వకుండా, మనిషికి మనిషి అమ్ముకునే వ్యవహారం. ఫోటోలు పెట్టడం దగ్గర్నుంచి ఆర్సీలో పేరు మారేదాకా ఏ ఘట్టమైనా తీసుకోండి. బండి వాళ్ళు రోజూ వాడే ఇంగ్లీషు మాటలకు అడ్డు లేదు. ఆర్సీ, చలానా, ఫోర్కు అన్నీ రానివ్వండి. యతి, గణాల విషయంలో మాత్రం మొహమాటం ఉండదు. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం పొంతన కుదరాలి, అదే యతి.

వరంగల్ నుంచి ఒక సభ్యుడు:

పేరు మార్చలేదు; పెద్ద చలానొచ్చె;
కొన్నవాడు దాటెఁ గొండకోన;
ఆర్సి తీసి చూడ నచ్చుగఁ దన పేరె;
అమ్మినాక బండి యయ్యె తనది.

నిర్వాహకుడు:

సమస్య ఇచ్చేటప్పుడు నా మనసులో ఉన్న దారి ఇదే. మొదటి పూరణలోనే వచ్చేసింది, సంతోషం. యతులన్నీ సరిపోయాయి. రెండో పాదంలో కొ–గొ వర్గయతి, ఒకే వర్గం అక్షరాలకు కుదిరేది. 'చలానొచ్చె' మాట్లాడే సంధి. ఈ పద్యం నడకకి అదే బాగుంది, మార్చకండి.

కర్నూలు మాస్టారు:

అయ్యా, పద్యం బాగుంది. 'దాటెఁ గొండకోన' దగ్గర మాత్రం ఆగిపోయాను. కొన్నవాడు పారిపోయాడనా, టూరుకి వెళ్ళాడనా? రెండూ వినిపిస్తున్నాయి. అది పద్యానికి బలమే అనుకుంటున్నాను, కవి ఉద్దేశం తెలిస్తే బాగుండును.

వరంగల్ సభ్యుడు:

టూరుకే మాస్టారూ. అతను దొంగ కాదు. బండి నచ్చి కొన్నాడు, మర్నాడే ఎక్కి వెళ్ళిపోయాడు. పేరు మార్పిడికి ఆర్టీఏ ఆఫీసుకి వెళ్ళే తీరిక దొరకలేదు, అంతే. ఇలాంటి గొడవల్లో చెడ్డవాడు ఎవరూ ఉండడు. అందుకే జనం నిర్లక్ష్యం చేస్తారు.

నిర్వాహకుడు:

ఈ మాట దగ్గర కాస్త ఆగుదాం. మోటారు వాహనాల చట్టం 1988లో 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవాడే అధికారికి తెలియజేయాలి. దానికి ఫారం 29. కొన్నవాడికి 30 రోజుల గడువు, దానికి ఫారం 30. మన దగ్గర చాలామంది ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, కీ చేతికిచ్చి, డబ్బు లెక్కపెట్టుకుని పని అయిపోయిందనుకుంటారు. చట్టం లెక్కలో రిజిస్టరు పుస్తకంలో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. అక్కడ బండి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది, ప్రమాదం జరిగింది. పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న వ్యక్తి మీదే పడింది. దెబ్బ తిన్నవాళ్ళు ఎవరు ఎవరికి అమ్మారో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదంది కోర్టు. చలానా అయితే వందలూ వేలతో పోతుంది. ప్రమాదం జరిగితే అలా పోదు. వరంగల్ మిత్రుడు చలానాతో ఆగాడు. పద్యానికి అది చాలు గానీ అమ్మే మనిషికి చాలదు.

నిజామాబాద్ నుంచి ఒక సభ్యురాలు:

బ్యాంకు వారి పేర బంధమై యుండగా
కొన్నవాని సొమ్ము కొంత కట్టి
అప్పు తీర్చినంత నైదు రోజుల పాటు
అమ్మినాక బండి యయ్యె తనది.

నిర్వాహకుడు:

అమ్మా, ఇది నాకు తట్టనే లేదు! బండి ఇన్నాళ్ళూ బ్యాంకుది. బేరం తెగాక, కొనేవాడి డబ్బుతో అప్పు తీరాక, మధ్యలో ఆ కొద్ది రోజులే అది పూర్తిగా అమ్మేవాడిది. సమస్య ఇంకా చక్కగా విడిపోయింది. మూడో పాదంలో అ–ఐ యతి సరైనదే, కొత్తవాళ్ళు గమనించండి. 'కట్టి' తర్వాత 'అప్పు' దగ్గర సంధి చేయలేదు. పాదం విరుపు కాబట్టి తప్పు పట్టను.

కర్నూలు మాస్టారు:

నేను పడతాను. 'కట్టి / యప్పు' అనొచ్చు, గణం చెడదు.

నిజామాబాద్ సభ్యురాలు:

అలాగే మాస్టారూ, మార్చుకుంటాను. ఈ పద్యం మా తమ్ముడి బండిది. కొనేవాళ్ళు మంచివాళ్ళు, అడ్వాన్స్ మా చేతికి ఇవ్వలేదు. నేరుగా లోన్ ఖాతాకే కట్టారు. బ్యాంకు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 (అప్పు ఒప్పందం ముగిసిందన్న కాగితం) వచ్చాక అవి ఆర్టీఏలో ఇచ్చి, ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు తీయించాం. ఆ తర్వాతే మిగతా డబ్బు. అప్పు తీరిపోయినంత మాత్రాన ఆర్సీ మీద బ్యాంకు పేరు దానంతటది పోదని అప్పటిదాకా నాకు తెలియదు.

నిర్వాహకుడు:

కొనేవాళ్ళందరూ ఇలాగే చేయాలి. అప్పున్న బండికి అడ్వాన్స్ అమ్మేవాడి జేబులో పడితే, కిస్తీకి వెళ్తుందన్న హామీ ఏముంది?

విశాఖ నుంచి ఒక సభ్యుడు:

లేహు దారిలోని లెక్కలేని మలుపు,
మంచు గాలి కోత, మడుగు లోతు
కొన్నవాడు కొనునె? గుండెలో నున్నట్టి
అమ్మినాక బండి యయ్యె తనది.

నిర్వాహకుడు:

ఈ దారిలో ఇంకో నలుగురు వస్తారని ముందే అనుకున్నాను, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. 'లెక్కలేని మలుపు' ఊహించి కూడా రాయొచ్చు. మంచు గాలి కూడా అంతే. 'మడుగు లోతు' మాత్రం వెళ్ళొచ్చిన వాడు రాసిన మాట. మనాలి నుంచి లేహ్ వెళ్ళే దారిలో మధ్యాహ్నం దాటాక మంచు కరిగి వాగుల్లో నీళ్ళు పెరుగుతాయి. పొద్దున మడమ లోతున్నది సాయంత్రానికి మోకాలి దాకా వస్తుంది. బండి దింపే ముందు ఆ లోతు ఎంతో తెలియక నిలబడే క్షణం ఉందే, పద్యం అంతా దాని మీద నడవాల్సింది. 'నున్నట్టి' తర్వాత 'బండి' దాకా అన్వయం సాగదీసినట్టుంది. కొ–గు యతి సరే.

విశాఖ సభ్యుడు:

ఒప్పుకుంటాను గురువు గారూ. రెండో పాదం నుంచి మళ్ళీ మొదలుపెడతాను.

సిద్దిపేట నుంచి ఒక కొత్త సభ్యుడు:

మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

టెస్టు రైడు కిచ్చె తాళము; పరుగెత్తె
దొంగ; కొన్నవాని తోవ దెలిసి
ఠాణవారు తెచ్చి డాక్యుమెంట్లను జూడ
అమ్మినాక బండి యయ్యె తనది.

నిర్వాహకుడు:

మొదటిసారే ఇంత మంచి కథ అల్లారు. అమ్మింది దొంగ! దొంగ అమ్మాకే ఆచూకీ దొరికి బండి అసలు యజమానికి చేరింది. మూడో పాదంలో ఠా–డా యతి కుదిర్చారు, అది తేలిక కాదు. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది. 'టె'కి 'తా' కుదరదు. ఇలా మార్చి చూడండి:

టెస్టు రైడటంచు టెక్కుగా పరుగెత్తె

రాజమండ్రి నుంచి ఒక సభ్యుడు:

అన్నా, యతి కుదిరింది గానీ తాళం పోయింది. తాళం చేతిలో పెట్టడమే ఆ పద్యానికి ప్రాణం. ఇలా అంటే?

తాళ మిచ్చి పంప దక్కక పరుగెత్తె

నిర్వాహకుడు:

నా దిద్దుబాటు కంటే ఇదే బాగుంది. తా–ద యతి సరిపోయింది. సిద్దిపేట తమ్ముడూ, దీన్ని తీసుకో. టెస్ట్ రైడ్ మాట పోయినా అర్థం తెలుస్తూనే ఉంది.

ఈ ఘట్టం గురించి అడిగినవాళ్ళకి ఒక మాట. ముక్కూ మొహం తెలియని మనిషి ఒంటరిగా వచ్చి టెస్ట్ రైడ్ అడిగితే, లైసెన్స్ ఒరిజినల్ చూడండి. బండి ఖరీదంత నగదు గానీ, అతను వచ్చిన బండి తాళం గానీ మీ దగ్గర పెట్టుకోకుండా పంపకండి. ఇంకో రకం మోసం ఫోన్లో జరుగుతుంది. మిలిటరీలో ఉన్నానని, బండి చూడకుండానే కొంటానని చెప్పి క్యూఆర్ కోడ్ పంపి, డబ్బు రావాలంటే పిన్ కొట్టమంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగిందంటే డబ్బు మీ ఖాతా నుంచి పోతోందన్నమాట.

కర్నూలు మాస్టారు:

నేనూ ఒకటి. క్రమాలంకారం.

ఆర్సి మార్చు టెపుడు? అడవి తిప్పిన దేది?
బేర మింక తెగెన? పేరు మార్చ
కున్న, వచ్చు కేసు కోర్టులో నెవనిదో?
అమ్మినాక, బండి, యయ్యె, తనది.

నిర్వాహకుడు:

మాస్టారూ, నమస్కారం. నాలుగు ప్రశ్నలు, సమస్యలోని నాలుగు మాటలే నాలుగు జవాబులు. మొదటి పాదంలో నాలుగో గణం 'అడవితి', మూడు లఘువులూ ఒక గురువూ, నగము. 'ప్పినదేది' రెండు లఘువులు, గురువు, లఘువు, సలము. కొత్తవాళ్ళు ఇక్కడ గురులఘువులు వేసి చూసుకోండి, మాట విరిగినా గణం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. విడి జవాబుగా 'యయ్యె'లో ఆ యకారం మిగిలిపోయింది. అది సమస్య ఇచ్చిన నా వల్ల వచ్చిందే, మీ మీద పెట్టను.

అనంతపురం నుంచి ఒక మెకానిక్:

పగలు రేయి తానె పానాలు పట్టిన
మేస్త్రి చేతికిచ్చె మెచ్చి యతడు;
ఎదుటి వారి బండ్లె యెక్కెడి వానికి
అమ్మినాక బండి యయ్యె తనది.

కర్నూలు మాస్టారు:

'వానికి' అన్నాక 'తనది' ఎలా? అమ్మింది యజమాని, 'తన' అంటే అతన్నే సూచిస్తుంది. 'వానిది' కావాలి.

అనంతపురం మెకానిక్:

మాస్టారూ, నాకు వ్యాకరణం అంత తెలియదు. షెడ్డులో రిపేరయ్యాక ట్రయల్ కోసం ఎన్నో బండ్లు నడిపాను. అన్నీ సాయంత్రానికి వెళ్ళిపోయేవి. అది రాద్దామనుకున్నాను.

నిర్వాహకుడు:

మాస్టారి అభ్యంతరం న్యాయమైనదే. అయినా 'ఎదుటి వారి బండ్లె యెక్కెడి వాడు' అన్న మాట కోసం నేను ఈ పద్యాన్ని పక్కన పెట్టలేను. సవరణ ఎవరైనా చెప్పండి.

రాజమండ్రి సభ్యుడు:

సవరణ తర్వాత చెబుతాను, ముందు నా పూరణ.

ఫోర్కు సీలు కారు, పోయె కోనుసెటని
చెప్పి తగ్గి యిచ్చె చేతి కతడు;
కొన్నవాడు నమ్మి కొండలే తిరుగంగ
అమ్మినాక బండి యయ్యె తనది.

వరంగల్ సభ్యుడు:

అన్నా, చదవడానికి బాగుంది గానీ సమస్య ఎక్కడ విడిపోయింది? కొన్నాక కొన్నవాడిదే అయింది. అందులో చిక్కేముంది?

రాజమండ్రి సభ్యుడు:

నిజమే, విరోధం పెద్దగా లేదు. నేను చూసింది రాశాను. మారేడుమిల్లి ఘాట్ ఎక్కే మా జట్టులో ఒకాయన బండి అమ్మాడు. చూడ్డానికి వచ్చిన కుర్రాడు ట్యాంకు, పెయింటు చూసి మురిసిపోతున్నాడు. ఈయనే అతన్ని కూర్చోబెట్టి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు పైపు మీద వేలుతో రుద్దాడు. వేలికి నూనె అంటింది, అంటే సీలు కారుతోంది. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టించి, ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్ మెల్లగా తిప్పమన్నాడు. సరిగ్గా మధ్యలోకి రాగానే టక్కున పట్టేసింది. హ్యాండిల్ తిరిగే చోటుండే బేరింగు, కోన్‌సెట్, పోయిందంటే అదే గుర్తు. తర్వాత టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చూపించి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం, ఈ టైరు పాతదైపోయింది, వానాకాలం లోపు మార్చుకో అన్నాడు. వీటన్నిటికీ అయ్యే ఖర్చు లెక్కగట్టి అడిగిన ధరలోంచి తనే తగ్గించాడు. ఆ కుర్రాడు ఇప్పటికీ ఏ టూరుకి వెళ్ళినా ముందు ఆయనకే ఫోన్ చేస్తాడు.

నిర్వాహకుడు:

వరంగల్ మిత్రుడి ప్రశ్న సరైనదే. సమస్యాపూరణం అన్నాక విరోధం తీరాలి. ఆ లెక్కన నిజామాబాద్ సోదరి పూరణకే ఈ వారం మొదటి స్థానం, అందులో నాకు సందేహం లేదు. మాస్టారిది రెండోది.

కానీ 'ఫోర్కు సీలు కారు, పోయె కోనుసెటని' అన్న పాదం ఈ వారం వచ్చిన పాదాలన్నిటిలోకీ మంచిది. మన పద్యాల్లో బండి అనగానే గాలి, మలుపు, మంచు వచ్చేస్తాయి. అమ్మేవాడు దాచాలనుకునే చోటు ఎక్కడుందో ఎవరూ రాయరు. ఒక మనిషి దాన్ని తనంతట తానే వేలు పెట్టి చూపించాడు, ఇంకొకడు అది ఛందస్సులో పెట్టాడు. ఫో–పో యతి ఎంత సహజంగా పడిందో చూడండి. 'కారు' దగ్గర మాత్రం నాలుగు చక్రాల కారు ఒక్క క్షణం అడ్డొస్తుంది. రాజమండ్రి మిత్రుడు దాన్నొకసారి చూసుకోవాలి. విరోధం బలహీనమైనా దీన్ని ప్రత్యేకంగా ఎంచుతున్నాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు నిస్సంకోచంగా చెప్పండి.

కర్నూలు మాస్టారు:

నాకు అభ్యంతరం లేదు. మెకానిక్ గారి పద్యానికి సవరణ: మూడో పాదం 'యెక్కెడి వాడౌట' అంటే 'తనది' నిలబడుతుంది. 'వానికి' పోయింది కాబట్టి వాక్యానికి కర్త మేస్త్రే.

అనంతపురం మెకానిక్:

చాలా సంతోషం మాస్టారూ. అలాగే ఉంచేస్తాను.

నిర్వాహకుడు:

'వాడౌట' రెండు గురువులు, ఒక లఘువు, తగణమే, సరిపోయింది. వచ్చే వారం తేటగీతి. బండి విషయమే కొనసాగిద్దాం, విశాఖ మిత్రుడు మడుగు లోతుతో తిరిగి రావాలి.

చైను తెగినంత మా యాత్ర సాగె ముందు