అప్‌డేట్: నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకి వెళ్లొచ్చాం

జర్మనీలో మ్యూనిక్ నుంచి నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకి నలుగురు రూమ్మేట్లం మా డాయిచ్‌లాండ్ టికెట్ల (దేశమంతా లోకల్ బస్సులకీ, రీజినల్ రైళ్లకీ చెల్లే నెల పాస్) మీద ఒక్క రోజులో వెళ్లి రాగలమా అని ఇంతకుముందు అడిగాను కదా, శనివారం వెళ్లొచ్చాం. కోట దగ్గరి ఊరు ఫ్యూసెన్ దాకా రీజినల్ రైలు రెండు గంటలు, తర్వాత బస్సు. రెండింటికీ అదే టికెట్ చెల్లింది.

కోట టికెట్ ముందే బుక్ చేసుకోమన్నవాళ్లకి దండం! కౌంటర్ దగ్గర క్యూ చూస్తే కళ్లు తిరిగాయి. కాకపోతే కొండ మీదికి నడక 40 నిమిషాలు. మాలో ఒకడు పులిహోర డబ్బా బస్టాప్ బెంచీ మీద వదిలేసి, సగం ఎక్కాక గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తాడు. మా టూర్ టైముకి రొప్పుతూ గేటు దాటాం.

లోపల అరగంటే, ఫొటోలు తీయనివ్వరు. నాకైతే కోట దగ్గరున్న మారియెన్‌బ్రూకె వంతెన మీద నుంచి కోటని చూసిందే నచ్చింది. పులిహోర తిరుగు రైల్లో తిన్నాం, చలికి గట్టిపడి ముద్దలు ముద్దలుగా.