ఎలుగుబంటి వేషం ఒప్పుకోవాలా, పరిషత్తు నాటికలోనే ఉండిపోవాలా?

గంటస్తంభం కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, నాకు 29 ఏళ్ళు. పగలంతా ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను, రాత్రి ఏడు దాటాక రిహార్సల్‌. తొమ్మిదేళ్ళ నుంచీ ఇదే వరస. పరిషత్తుల్లో, అంటే నాటిక పోటీల్లో, నాటికలు ఆడతాం. ఆనంద గజపతి ఆడిటోరియంలో ఓసారి నా తండ్రి పాత్రకి జనం లేచి చప్పట్లు కొట్టారు. చెప్పుకోడానికి నాకున్నది అదొక్కటే.

పోయిన వారం హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. పిల్లల కోసం తీస్తున్న టీవీ కార్యక్రమంలో ఎలుగుబంటి వేషమట. ఒళ్ళంతా బొచ్చు డ్రెస్సు, పైన పెద్ద తలకాయ. నా ముఖం ఎక్కడా కనబడదు. నెలకి పది రోజుల చొప్పున మూడు నెలలు. డబ్బు సంగతి అడిగితే మేనేజరు "చూసుకుందాం లెండి" అన్నాడు. ఆ రోజుల్లోనే మాకు ఉగాది పరిషత్తు ఉంది.

మా నాటిక డైరెక్టరు గారికి చెప్పాను. "తొమ్మిదేళ్ళు నేర్పింది గోనెసంచిలో దూరి గెంతడానికా?" అని లేచి వెళ్ళిపోయారు. మా పాపకి నాలుగేళ్ళు. నాటికకి తీసుకెళ్తే సగంలోనే నిద్రపోతుంది. ఎలుగుబంటి అనేసరికి లేచి కూర్చుంది.

ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. మళ్ళీ స్టేజీ మీదికి రానిస్తారా?

నాగావళి గట్టు:

తమ్ముడూ, "చూసుకుందాం" అన్నవాడు ఏదీ చూడడు. ముందు అడ్వాన్సు తీసుకో. మిగతాది తర్వాత ఆలోచిద్దాం.

పాత పులి:

బాబూ, మాది ఆమదాలవలస పక్క ఊరు. సహకార బ్యాంకులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. 1998లో నేను పులిని. నక్క, కోతి, తాబేలు ఉండే కథల కార్యక్రమం, నలభై రెండు ఎపిసోడ్లు చేశాను. చానెల్ పేరు ఇప్పుడెందుకులే.

తలకాయ తగిలించుకున్నాక నీకు మిగిలేవి రెండు కన్నాలు. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, కాళ్ళ కింద ఉన్నది కనబడదు. మొదటి రోజే లైటు తీగ తన్నుకుని తాబేలు మీద పడ్డాను. డిప్ప లోపల ఉన్నాయన పౌరాణిక నాటకాల మనిషి. వెల్లకిలా పడి లేవలేక అక్కడే రాగం ఎత్తుకున్నాడు. యూనిట్ మొత్తం నవ్వి నవ్వి ఓ పూట షూటింగు పోయింది.

ముఖం లేదు కాబట్టి మెడతోనే అన్నీ చెప్పాలి. తల బెత్తెడు దించితే పులికి దిగులు, పక్కకి వంచితే అనుమానం. నీ డైలాగు వచ్చినప్పుడు తల ఆడించాలి. లేకపోతే నాలుగు జంతువుల్లో ఏది మాట్లాడుతోందో పిల్లలకి తెలీదు, ఎందుకంటే మాస్కుకి నోరు కదలదు. పక్కవాడు మాట్లాడేటప్పుడు రాయిలా నించోవాలి. లోపల చెమట కళ్ళలోకి కారుతున్నా సరే. అప్పటికి ఇరవై ఏళ్ళ నుంచి నాటకాలు ఆడుతున్నాను, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. స్టేజీ మీద ఎదుటివాడు డైలాగు చెబుతుంటే మనం ఏం చేస్తాం? కండువా సర్దుకుంటాం, దగ్గుతాం, చూపు మనవైపు తిప్పుకుంటాం. ఇది నటన కాదనే మీ డైరెక్టరు గారిని ఆ తలకాయ పెట్టుకుని పది నిమిషాలు కదలకుండా నించోమను.

నడక దగ్గర మాత్రం తిట్లు తిన్నాను. అడవి పులి ఠీవిగా నడవాలట. నేనెరిగిన పులి అడవిది కాదు, పైడితల్లమ్మ సిరిమాను పండక్కి విజయనగరం వీధుల్లో డప్పు మీద ఆడే పులి. మా అయ్య ఏటా పులేషం కట్టేవాడు. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను కదా, ఆయనకి అంతకు రెండు రోజుల ముందు నుంచే ఒంటిమీద రంగు ఉండేది. ఆయన పెద్ద పులి, వెనకాల నేను పిల్ల పులి. ఒక అడుగు వేసి, భుజం కిందికి దించి, ఆగి, గాలిలో వాసన పట్టినట్టు తల తిప్పి, అప్పుడు రెండో అడుగు. షూటింగులో ఎంత జాగ్రత్తపడ్డా కాళ్ళు అదే అడుగు వేసేవి. మూడో రోజుకి ఆ డైరెక్టరు విసిగిపోయి "సరే, అలాగే కానీయండి" అన్నాడు.

మొదటి రెండు ఎపిసోడ్లలో గొంతు కూడా నాదే. మూడోది ఆదివారం పొద్దున్న మా ఇంట్లో చూస్తున్నాం. అమ్మ, మా ఆవిడ, వీధిలో పిల్లలు ఓ పదిమంది. పులి నోరెత్తింది. నా గొంతు కాదు! ఎవరో కృష్ణా జిల్లా పులి మాట్లాడుతోంది. ఎస్టీడీ బూతుకి పరిగెత్తి ఫోన్ చేస్తే, మీ యాస పిల్లలకి అర్థం కాదండీ అన్నారు. నేనేమైనా "ఏటి సేస్తన్నావు" అన్నానా? వాళ్ళు రాసిచ్చిందే చెప్పాను. మాట చివర కాస్త సాగుతుంది, అంతే. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది మన విజయనగరంలోనే. ఇంట్లో వీధిలో మాట్లాడుకునే మాట స్టేజీ ఎక్కిందని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. నూట ఆరేళ్ళు గడిచాక ఒక పులికి ఆ మాట పనికిరాకపోయింది. ఆ కోపం నాకింకా ఉంది, దాచుకోను.

పిల్లలంతా నా వైపు అదోలా చూస్తున్నారు. ఇన్నాళ్ళూ కోతలు కోశాననుకున్నారేమో. అమ్మ మాత్రం టీవీ మీంచి చూపు తిప్పలేదు. "గొంతు ఎవుడిదైతే ఏటిరా, ఆ బుజం దింపడం మీ అయ్యదే" అంది. అయ్య పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆ తర్వాత ప్రతి ఆదివారం స్నానం చేసి టీవీ ముందు పీట వేసుకుని కూర్చునేది. కథ ఏమిటే అమ్మా అని అడిగితే చెప్పలేకపోయేది.

స్టేజీ గురించి అడిగావు. రానిచ్చారు, కానీ నేనే చెడిపోయి వచ్చాను. శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లో మొదటి నాటిక. వెనక వరసలోంచి "వినబడ్డం లేదు" అని కేక. పరీక్షలో కూర్చున్నట్టు చెమటలు పట్టాయి. తలకాయ లోపల గొణగడానికి అలవాటుపడి గొంతు లోపలికి పోయింది. దానికి తోడు ప్రతి మాటకీ తల ఊగుతోంది. ఒక న్యాయనిర్ణేత నవ్వుతూ "గంగిరెద్దు బాగా చేశారు" అన్నాడు. నాది ప్లీడరు పాత్ర. ఆ తల ఆగడానికి ఓ నాలుగు నెలలు పట్టింది. రోజూ తెల్లారి నాగావళి ఇసుకలో నించుని అవతలి గట్టుకి వినబడేలా డైలాగులు చెప్పుకునేవాణ్ణి.

డబ్బు గురించి నాగావళి గట్టు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆఖరి ఎనిమిది ఎపిసోడ్లకి నాకు రావలసింది ఇంతవరకూ రాలేదు. ఒక షెడ్యూలు డబ్బు చేతిలో పడ్డాకే రెండో షెడ్యూలుకి రైలెక్కు. ఎరువుల కొట్టు మాత్రం వదలకు. జె.వి. సోమయాజులు గారిది మా జిల్లాలోని లుకలాం అగ్రహారమే. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు దాకా వెళ్ళి, ఉద్యోగం చేస్తూనే కన్యాశుల్కంలో రామప్ప పంతులు వేసేవారు, తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం. 1980లో శంకరాభరణం వచ్చేసరికి ఆయనకి యాభై దాటాయి. నీకింకా చాలా టైముంది.

బొబ్బిలి టీచరమ్మ:

పులి గారి అమ్మగారి మాట దగ్గర కాసేపు ఆగిపోయాను.

నేను బడి పిల్లలతో నాటికలు వేయిస్తాను. పిల్లల కోసం ఆడేది చిన్న పని అనుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారిది ఇచ్ఛాపురం దాటితే వచ్చే బరంపురం. భార్య కామేశ్వరి గారు రేడియో అక్కయ్య. ఇద్దరూ జీవితమంతా పిల్లల కార్యక్రమాలకే పెట్టారు. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికకి విడిగా విభాగమే పెట్టారు. మీ డైరెక్టరు గారికి ఇవన్నీ తెలియవని కాదు, ఆయన బాధ ఉగాది పరిషత్తుకి మనిషి లేడని. అది వేరే బాధ, దానికి వేరే మందు. డేట్లు సర్దుకోండి.

ఇంకొకటి. ఒప్పుకునే ముందు మీ వీధి పిల్లల ఎదుట ఆ డ్రెస్సు లేకుండా ఎలుగుబంటి చేసి చూడండి. పెద్దవాళ్ళయితే మొహమాటానికైనా కూర్చుంటారు. పిల్లలు నచ్చకపోతే లేచి ఐసు బండి దగ్గరికి పోతారు.

గంటస్తంభం కుర్రాడు:

అందరికీ థాంక్స్. టీచరుగారూ, నిన్న సాయంత్రం చేశాను. ఏడుగురు కూర్చున్నారు, ఇద్దరు లేచిపోయారు. ఒకడు "ఇది ఎలుగు కాదు, మా తాత" అన్నాడు.

మేనేజరుతో మాట్లాడాను. పరిషత్తు వారం వదిలేస్తామన్నాడు, షెడ్యూలు ముందు సగం డబ్బు ఇస్తామన్నాడు. డైరెక్టరు గారు ఇంకా మాట్లాడ్డం లేదు గానీ రిహార్సల్‌కి నా కుర్చీ మాత్రం వేయిస్తున్నారు.

పులి మాస్టారూ, మరి గొంతు సంగతి? యాస మార్చుకోమంటారా?

పాత పులి:

మార్చుకోకు. ఎవరి గొంతు పెడతారో ముందే అడిగి కాగితం మీద రాయించుకో. డబ్బింగు వేరేవాళ్ళతో అంటే అననీ, కానీ అది నీకు ముందు తెలియాలి. నాలాగా ఇంటిల్లిపాదితో కూర్చుని తెలుసుకోకూడదు. నీ గొంతే పెడతామంటే నీకు వచ్చినట్టే చెప్పు. ఎలుగుబంటిది ఏ జిల్లా అని ఏ పిల్లాడూ అడగడు.

ఆ కుర్రాడు "మా తాత" అన్నాడంటే నువ్వు నడుం వంచి నడుస్తున్నావన్నమాట. ఎలుగు వంగదు, ఒళ్ళంతా వదులుగా వేసి నడుస్తుంది. మా జిల్లాలో ఉద్దానం జీడితోటల్లోకి ఎలుగులు ఇప్పటికీ వస్తాయి గానీ అక్కడికి వెళ్ళి చూడమని చెప్పను, మనుషుల్ని చంపిన సంగతులున్నాయి. విశాఖ జూకి వెళ్ళు. ఒక పూటంతా దాని ముందు నించుని పాదం ఎలా వేస్తోందో చూడు. పాపని కూడా తీసుకెళ్ళు. సోమవారం మాత్రం వెళ్ళకు, జూకి సెలవు.