టెక్సస్ నుంచి పెన్సిల్వేనియాకు: హోంస్కూలింగ్ కాగితాల సంగతి చెప్పండి

ఫ్రిస్కో అమ్మ:
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నాం. బడిలో ఎన్నడూ చేర్చలేదు కాబట్టి టెక్సస్‌లో ఎవరికీ ఒక్క కాగితం ఇవ్వాల్సిన పని పడలేదు. మావారి ఉద్యోగం మారడంతో జూలైలో ఫిలడెల్ఫియా దగ్గరికి వెళ్తున్నాం. పాపకు ఎనిమిదేళ్లు, వచ్చేది మూడో తరగతి. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) సూపరింటెండెంట్ అనుమతి ఉండాలని, ఇంటికి వచ్చి తనిఖీ చేస్తారని ఒకరు భయపెట్టారు. నిజమేనా? ఇంకొకటి, మా మామగారు రోజూ వీడియో కాల్‌లో తెలుగులోనే లెక్కలు చెబుతారు. ఆ ముచ్చట మానుకోవాలా?

చెస్టర్ కౌంటీ నివాసి:
తనిఖీ మాట వట్టిదండి. అనుమతీ అక్కర్లేదు. మా పెన్సిల్వేనియాలో 1988 నాటి 169వ చట్టం ప్రకారం మీరు చేయాల్సింది అఫిడవిట్ ఇవ్వడం. ఈ ఊరికి వచ్చి చదువు మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత ఏటా ఆగస్టు 1లోపు సూపరింటెండెంట్ ఆఫీసుకు అందాలి. పిల్లల పేర్లు, వయసు, చిరునామా, ఏ సబ్జెక్టులో ఏం నేర్పదలచారో క్లుప్తంగా, టీకాల వివరాలు, ఇంట్లో ఉండే పెద్దవాళ్లెవరికీ గత అయిదేళ్లలో చట్టం పేర్కొన్న నేరాల్లో శిక్ష పడలేదన్న ధ్రువీకరణ, ఇవీ అందులో ఉండేవి. బాధ్యత తీసుకునే తల్లికో తండ్రికో హైస్కూలు డిప్లొమా లేదా దానికి సమానమైన చదువు ఉండాలి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఆ పాఠ్య లక్ష్యాల దగ్గరే. ఐఐటీ కోచింగ్ సిలబస్‌లా పేజీలకు పేజీలు నింపి పంపుతారు. ఒక్కో సబ్జెక్టుకు రెండు మూడు వాక్యాలు చాలు. ఆ జాబితాను పట్టుకుని మీ బోధన నిబంధనలకు విరుద్ధమని సూపరింటెండెంట్ తేల్చకూడదని చట్టమే చెబుతోంది. డిస్ట్రిక్ట్ ఫారంలో చట్టం అడగని గడులు కనిపిస్తే మర్యాదగా వదిలేయండి. అడగనిది ఇవ్వడం మొదలుపెడితే, మీ తర్వాత వచ్చేవాళ్లనూ అదే అడుగుతారు.

మామగారి పాఠం మానొద్దు. అయితే సబ్జెక్టులు ఇంగ్లీషులో బోధిస్తామని అఫిడవిట్‌లో రాయాలి. నేనైతే లెక్కలకు ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని, తాతగారి తరగతిని దానికి అదనంగా చూపిస్తాను.

ట్రెంటన్ బాబాయ్:
ఇంత తతంగం ఎందుకమ్మా? డెలావేర్ నది దాటి మా న్యూజెర్సీలో ఇల్లు తీసుకోండి. బడిలో చెప్పే చదువుకు సమానమైనది బయట నేర్పిస్తే చాలని ఇక్కడి చట్టం. సమానమంటే చదువులో సమానమనే గానీ, బడి వాతావరణమంతా ఇంట్లో ఉండాలని కాదని 1967లో మాసా కేసులో కోర్టు చెప్పింది. ముందస్తు నోటీసు లేదు, ఏటా పరీక్షా లేదు.

చెస్టర్ కౌంటీ నివాసి:
బాబాయ్ గారూ, అక్కడి ఆస్తి పన్ను మాట కూడా చెప్పండి మరి! పైగా ఈ తతంగంతో ఒక లాభం ఉంది. 2005 చట్టంతో హోంస్కూలు పిల్లలకు డిస్ట్రిక్ట్ జట్లలో ఆడే అవకాశం వచ్చింది. 2022 చట్టంతో రోజులో పావు వంతు దాకా బడి తరగతులకూ వెళ్లవచ్చు.

నేపర్‌విల్ నాన్న:
ఈ రోజు నిబంధన లేదని రేపూ ఉండదనుకోవద్దు. మా ఇల్లినాయిలో 1950 నాటి లెవిసన్ తీర్పు నుంచి ఇంటి బడిని ప్రైవేటు బడిగానే చూస్తున్నారు. నోటీసు ఇవ్వనక్కర్లేదు. 2025లో, ఇంట్లో చదువు చెబుతున్నామని తెలిపే డిక్లరేషన్ ఫారం తప్పనిసరి చేస్తూ హెచ్‌బీ 2827 బిల్లు తెచ్చారు. దాన్ని వ్యతిరేకిస్తూ వచ్చిన పిల్లాపాపలతో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని శాసనసభ భవనం నిండిపోయింది. మార్చిలో కమిటీ దాటింది గానీ, వసంత సమావేశాలు ముగిసేలోగా సభలో ఓటింగుకు రాలేదు. బడి మాన్పించి ఇంట్లో హింసించే వాళ్ల బారి నుంచి పిల్లలను కాపాడాలన్నది బిల్లు తెచ్చినవాళ్ల వాదన. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఫారం నింపని నేరానికి తల్లిదండ్రులను బోనెక్కించడం ఏ రకం రక్షణో నాకు అర్థం కాలేదు.

ఫ్రిస్కో అమ్మ:
చాలా ధైర్యం వచ్చిందండి. మరి ఏడాది చివర ఏం చూపించాలి? మూడో తరగతికి పరీక్ష ఉందని విన్నాను.

చెస్టర్ కౌంటీ నివాసి:
ఉంది. మూడు, అయిదు, ఎనిమిది తరగతుల్లో చదవడం-రాయడం, లెక్కల్లో ప్రామాణిక పరీక్ష రాయించాలి. మీరు గానీ మీవారు గానీ ఆ పరీక్ష పెట్టకూడదు. ప్రాథమిక స్థాయిలో ఏడాదికి 180 రోజులు లేదా 900 గంటలు చదువు జరగాలి. పోర్ట్‌ఫోలియోలో పాప రాసిన కాగితాలు కొన్ని, చదివిన పుస్తకాల పేర్లతో లాగ్ (ఏ రోజు ఏం చదివారో రాసే పుస్తకం) ఉంచండి. లాగ్ ఎప్పటికప్పుడే రాయాలి. జూన్‌లో కూర్చుని ఏడాదంతా ఊహించి రాస్తే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

సబ్జెక్టుల్లో అగ్నిప్రమాదాల నివారణ కూడా ఉంది, క్రమం తప్పకుండా చెప్పాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. మా లాగ్‌లో ఒక రోజు ఇలా ఉంది: "బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. మూత పెట్టి పొయ్యి ఆపాలి." దీపావళి ముందు రోజు మతాబుల జాగ్రత్తలు రాశాం.

పోర్ట్‌ఫోలియో చూసి, పాపతో మాట్లాడి, ఇవాల్యుయేటర్ (పిల్లల చదువును అంచనా వేసే అర్హత ఉన్నవారు) ఇచ్చే ధ్రువపత్రం జూన్ 30లోపు సూపరింటెండెంట్‌కు చేరాలి. 2014లో చట్టం మారాక ఆ ఒక్క పత్రమే పంపితే సరిపోతుంది. పోర్ట్‌ఫోలియో కట్ట మోసుకెళ్లొద్దు. మీరైతే జనవరిలోనే ఇవాల్యుయేటర్‌ను చూసుకుని, పరీక్ష ఎక్కడ రాయించాలో వారినే అడగండి. మూడో తరగతికి దంత పరీక్ష కూడా అవసరం. టెక్సస్ వదిలే ముందు డాక్టరు దగ్గర పాప టీకాల రికార్డు అడిగి తెచ్చుకోండి. ఇండియాలో వేయించినవి ఉంటే వాటి తేదీలూ అందులో ఎక్కించమనండి.