లారీగా మారే రోబోకి మార్కులు దేనికి వేయాలి: నిలబెట్టినప్పటి అందానికా, మారే తీరుకా?

కన్వాయ్_కాకినాడ:
పోయిన వారం ఇక్కడ షెల్ఫ్‌రాజా గారు ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్‌లో లారీగా మారే రోబో ఆప్టిమస్ ప్రైమ్ బొమ్మలు రెండింటిని పక్కపక్కన పెట్టి మార్కులు వేశారు. రెండూ పెద్దవాళ్ల కోసం చేసే మాస్టర్‌పీస్ వరసలోవి: ఒకటి 2011లో వచ్చిన ఎంపీ-10, రెండోది 2019 నాటి ఎంపీ-44. రెండూ జపాన్ బొమ్మల కంపెనీ టకారా టోమీవే. ఎంపీ-44కి పదికి తొమ్మిదిన్నర ఇచ్చారు, ఎంపీ-10కి ఏడే. అంత తగ్గించడానికి ఆయన చెప్పిన ముఖ్య కారణం: రోబోగా నిలబెడితే ఎంపీ-10 కాళ్ల మీద లారీ టైర్లు కనబడుతున్నాయి, కార్టూన్‌లో ఉన్నంత నున్నగా లేదు.

నా అభ్యంతరం దీని మీదే. లారీ మనిషైతే ఆ మనిషి ఒంటి మీద లారీ కనబడాలి. మొత్తం దాచేశాక ఇక అది లారీ నుంచి వచ్చిందని ఎవరికి తెలుస్తుంది? మంచి రోబో బొమ్మలు కావాలంటే రూపం మారనివే బోలెడున్నాయి. వాటి కీళ్లు ఇంకా బాగా తిరుగుతాయి, ధర కూడా తక్కువ. మనం రూపం మారే బొమ్మ కొంటున్నాం కాబట్టి మొదటి మార్కు ఆ మార్పుకే పడాలి.

అసలు బొమ్మ సంగతి చూడండి. 1983లో టకారా వాళ్ల డయాక్లోన్ అనే బొమ్మల వరసలో బ్యాటిల్ కన్వాయ్ పేరుతో వచ్చింది. మరుసటి ఏడాది అమెరికన్ బొమ్మల కంపెనీ హాస్‌బ్రో దాన్ని అమెరికాకి తీసుకెళ్లి ఆప్టిమస్ ప్రైమ్ అని పేరు పెట్టింది. దాన్ని చేతిలో పట్టుకున్నవాళ్లకి ఈ మాట అర్థమవుతుంది. లారీ ముందు అద్దాలే ఛాతీ. కింద గ్రిల్ పొట్ట. క్యాబిన్ రెండు పక్కలూ చేతులు. వెనక చాసిస్ అంతా రెండు కాళ్లు, పక్కపక్కన ఆనించి పెట్టినవి. కాళ్లు చాపి, పాదాలు మడిచి, తల బయటికి తీస్తే పని అయిపోయింది. ఏ భాగం ఎక్కడికి పోయిందో చూస్తుండగానే తెలిసిపోతుంది. ఇన్నేళ్లుగా వాళ్లు ఆ బొమ్మనే మళ్లీ మళ్లీ చేస్తున్నారంటే దానికి కారణం ఆ ఆలోచనలోని శుభ్రతే.

ఎంపీ-10 ఆ పద్ధతినే పట్టుకుని, దానికి మోకాళ్లు, నడుము, వేళ్లు ఇచ్చింది. అందుకే దానికి తొమ్మిది. ఎంపీ-44లో కార్టూన్ పోలిక కోసం లారీని చిన్న చిన్న రేకులుగా విడగొట్టి, వీలైనంత మడిచి లోపల దాచారు. నైపుణ్యం ఉంది, ఒప్పుకుంటా. కానీ మార్చేటప్పుడు నా ధ్యాసంతా ఏ రేకు విరుగుతుందో అన్న టెన్షన్ మీదే ఉంటుంది. నా లెక్కలో ఏడున్నర.

షెల్ఫ్‌రాజా:
కాకినాడ బ్రదర్, నా రివ్యూ నుంచి ఒక్క ముక్క తీసుకుని దాని మీదే కేసు నడిపారు. కీళ్ల గురించి, ముఖం గురించి, రంగు గురించి కూడా రాశాను కదా.

సరే, అసలు విషయానికి వద్దాం. ఆ 1984 బొమ్మ శుభ్రంగా ఉందన్నారు. పిడికిళ్ల మాటేమిటి? చేతులకి పిడికిళ్లు విడిగా తగిలించాలి. లారీగా మార్చాలంటే పీకి పక్కన పెట్టాలి. ఇవాళ ఏ కంపెనీ అయినా అలా చేస్తే విడిభాగాలతో మోసం చేశారని మీరే మొదట రాస్తారు. పైగా ఆ బొమ్మ నిలబడటం, చేతులు ఎత్తడం తప్ప పెద్దగా చేసేది లేదు. పాతది కదా అని దానికి మినహాయింపు, కొత్తదానికి గీటురాయి. ఇది న్యాయం కాదు.

ఇంకోటి. మనలో చాలామంది ఆప్టిమస్‌ని ప్రేమించింది తెర మీద చూసి. ఆప్టిమస్‌కి గొంతిచ్చిన పీటర్ కల్లెన్ మాట విని, ఆ నడక చూసి. కార్టూన్ కోసం బొమ్మలోని గీతలు తగ్గించి, ఒళ్లు నున్నగా గీశారు. పిల్లలు ఆ రూపాన్ని గుండెలో పెట్టుకుని దుకాణానికి వెళ్తే చేతికొచ్చింది వేరే రూపం. ఆ తేడా తీరడానికి దాదాపు 35 ఏళ్లు పట్టింది. ఎంపీ-44 నా గదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు రోబోగానే నిలబడి ఉంటుంది. రోజూ కళ్లకి కనబడేదానికి మార్కులు ఎక్కువ వేయడంలో తప్పేముంది?

ఆటోనగర్_బాబాయ్:
నాయనలారా, ఇద్దరూ రోబో గురించే కొట్టుకుంటున్నారు. లారీని ఎవరూ చూడట్లేదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి బాడీ కట్టే పనిలో ఉన్నవాణ్ణి. మా మేనల్లుడు అమెరికా నుంచి ఎంపీ-10 తెచ్చి ఇస్తే మొదట దాన్ని తిరగేసి చూశాను. మాకు అలవాటు.

పాత ఆప్టిమస్ చదును ముక్కు లారీ. ఇంజిన్ మీద క్యాబిన్ కూర్చుంటుంది. అమెరికాలో అప్పట్లో చాలా రాష్ట్రాల్లో లారీ, ట్రైలర్ మొత్తం పొడవు మీద పరిమితి ఉండేది. ముక్కు తగ్గిస్తే ఆ మేరకు సరుకు పెరుగుతుంది, అందుకని ఆ లారీలు బాగా నడిచాయి. 1982లో వచ్చిన చట్టంతో పెద్ద హైవేల మీద ట్రైలర్ పొడవునే లెక్కపెట్టడం మొదలైంది. దాంతో అక్కడ డ్రైవర్లు మళ్లీ పొడుగు ముక్కు బళ్లకి వెళ్లిపోయారు. అంటే ఈ బొమ్మ పుట్టేనాటికే దాని లారీకి అక్కడ రోజులు దగ్గరపడ్డాయి. 2007 ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో ఆప్టిమస్ పీటర్‌బిల్ట్ 379 అనే లారీ అయ్యాడు, పొడుగు ముక్కు. మన దగ్గర కథ తిరగబడింది. పాత ముక్కు టాటాలు పోయి అన్నీ చదును ముక్కులయ్యాయి. అందుకే మన రోడ్ల మీద పెరిగినవాడికి పాత ఆప్టిమస్‌ని చూస్తే వెంటనే లారీ అనిపిస్తుంది.

ఇక మార్కులు. నేను చూసేవి ఇవీ: బల్ల మీద పెట్టి తోస్తే ఆరు చక్రాలూ నేలకి ఆనుతున్నాయా? ఒక్క చక్రం గాల్లో ఉన్నా నాకు అది లారీ కాదు. క్యాబిన్ పక్క నుంచి చూస్తే అతుకు మధ్య గోరు దూరుతోందా? ట్రైలర్ తగిలించి వంపు తిప్పితే ట్రైలర్ మూల క్యాబిన్‌కి కొట్టుకుంటోందా? మేనల్లుడి ఎంపీ-10 ఈ మూడింట్లో నాకు నచ్చింది. ఎంపీ-44 నేను చేత్తో పట్టుకోలేదు కాబట్టి దాని మీద మాట్లాడను.

షెల్ఫ్‌రాజా:
బాబాయ్ గారూ, చక్రాల మాట నిజం. అతుకుల మాట మాత్రం కొంచెం ఆలోచించండి. అన్ని రేకులు ఒకచోట కలిసే బొమ్మలో గీతలు కనబడక తప్పదు. చేత్తో సరిగ్గా నొక్కి కూర్చోబెడితే గోరు దూరేంత సందు రాదు.

చిన్నోడి_అమ్మ:
నేను డాలస్ నుంచి రాస్తున్నాను. మీ చర్చ మొత్తం చదివాను. మీ అందరి బొమ్మలూ 15 ఏళ్లు దాటినవాళ్లకని పెట్టె మీదే రాసి ఉన్నవి. మా వాడికి ఎనిమిది. వాడి దగ్గర ఉన్నది 2020లో హాస్‌బ్రో ఎర్త్‌రైజ్ వరసలో వచ్చిన ఆప్టిమస్, లీడర్ అనే పెద్ద సైజు, ట్రైలర్‌తో సహా. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మా ఇంట్లో ఒక బొమ్మ మంచిదో కాదో ఎలా తెలుస్తుందో చెప్తాను. వాడు భోజనం ముందు కూర్చుని, ఒక చేత్తో ముద్ద తింటూ రెండో చేత్తో, కళ్లు టీవీ మీద ఉండగానే దాన్ని లారీ చేసేస్తాడు. ఎలా మార్చాలో చెప్పే కాగితం అక్కర్లేదు. ఎక్కడ పట్టుకోవాలో వేళ్లకి తెలుసు. నేను పక్కన కూర్చుని ప్రయత్నిస్తే భుజం దగ్గర ఆగిపోతాను, వాడు నా చేతిలోంచి లాక్కుని "అమ్మా, ముందు ఇది తిప్పాలి" అంటాడు. వాడు నాకు నేర్పే పని అదొక్కటే, అందులో వాడి గర్వం చూడాలి.

మంచం మీంచి పడుతుంది, స్కూల్ బ్యాగులో నలుగుతుంది. కీళ్లు కొంచెం వదులయ్యాయి, కానీ విరగలేదు. పిడికిళ్లు విడిగా ఉండే బొమ్మైతే మా ఇంట్లో వారం తిరక్కుండా సోఫా కింద చేరేవి. రాజా గారు ఆ మాట అన్నప్పుడు నేను తల ఊపాను. కాకపోతే నా ఓటు కాకినాడ తమ్ముడికే. వాడికి ఆ మార్చడంలోనే ఆట ఉంది. నిలబెట్టి చూడటం వాడు చేయనే చేయడు.

బెల్లంకొట్టు_వీధి:
ధర మాట ఎవరూ ఎత్తలేదు. డాలస్‌లో ఉన్న అక్కకి అది సమస్య కాదు, మాకు అదే పెద్ద సమస్య. 2020లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. 2021 నుంచి పిల్లల బొమ్మలకి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. దేశంలో బొమ్మల తయారీ పెరగాలనే ఉద్దేశం మంచిదే. కానీ ఇలాంటివి ఇక్కడ ఎవరూ చేయరు కాబట్టి తెప్పించుకునేవాడి మీద భారం పడుతుంది. అమెరికా నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసే మనకి దిక్కు.

అందుకే చాలామంది నకలు బొమ్మలకి పోతున్నారు. నేనూ ఆన్‌లైన్లో ఒక అమ్మకందారు దగ్గర ఎంపీ-10 నకలు తెప్పించాను. ప్లాస్టిక్ పెళుసు, నడుం దగ్గర పిన్ను మొదటి వారమే బయటికి వచ్చేసింది. మార్కులు వేసేటప్పుడు ఆ డబ్బుకి అది తగునా అన్నది కూడా కలపండి. డబ్బు లెక్కలేని రివ్యూ మాలాంటివాళ్లకి ఉపయోగపడదు.

మీట_నొక్కు:
మార్చడమే ముఖ్యమైతే 2021లో రోబోసెన్ అనే రోబోల కంపెనీ చేసిన ఆప్టిమస్‌కి పదికి పది వేయాలి కదా! కీళ్లు కదిపే 27 సర్వో మోటార్లు, 60 మైక్రోచిప్‌లు. నోటితో చెప్తే తనంతట తనే లారీ అవుతుంది, లేచి నడుస్తుంది. అమెరికాలో మొదట 700 డాలర్లకి దగ్గరగా అమ్మారు.

కన్వాయ్_కాకినాడ:
మీట_నొక్కు బ్రదర్, నేను దానికి సున్నా వేయను, అది అద్భుతమైన యంత్రం. కానీ చిన్నోడి అమ్మ గారు చెప్పిన వేళ్ల సంగతి అందులో లేదు. అది మారుతుంటే మనం చూస్తాం, అంతే. నేను మాట్లాడుతున్నది మన చేతులు చేసే పని గురించి. దాన్ని వేరే తరగతిలో పెట్టి అక్కడ మార్కులు వేయండి.

రాజా గారూ, పిడికిళ్ల మాటకి సూటిగా జవాబు. ఆ బొమ్మలో అది లోపమే. దానికి నేను మార్కు తగ్గిస్తాను, మినహాయింపు ఏమీ లేదు. ఎంపీ-10లో పిడికిళ్లు చేతిలోకే మడుచుకుంటాయి. అంటే పాత ఆలోచనని చెడగొట్టకుండానే ఆ లోపం సరిచేయొచ్చని తేలింది. 2024లో టకారా టోమీ మిస్సింగ్ లింక్ వరసలో వచ్చిన కన్వాయ్ (జపాన్‌లో ఆప్టిమస్ పేరు అదే) చూడండి. పైకి అచ్చం 1984 బొమ్మే, కీళ్లు మాత్రం ఇప్పటివి. టైర్లు దాచకుండానే ఇంత చేయగలిగినప్పుడు, కార్టూన్ నునుపు కోసం లారీని ముక్కలు చేయడం ఎందుకన్నదే నా ప్రశ్న. ధర గురించి బెల్లంకొట్టు బ్రదర్ చెప్పింది న్యాయం. నా రివ్యూల్లో ఇక నుంచి ఇక్కడ దొరికే ధర కూడా రాస్తాను.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ట్రైలర్. ఆప్టిమస్ రోబో అవగానే కార్టూన్‌లో ట్రైలర్ పక్కకి దొర్లిపోయి కనబడకుండా పోయేది. బొమ్మల్లో అది తెరిస్తే స్థావరం అవుతుంది. లోపల మరమ్మతు చేసే యంత్రపు చెయ్యి, రోలర్ అనే చిన్న బండి ఉంటాయి. బాగానే ఉంది. కానీ లారీ పొడవులో సగానికి పైగా ఉన్న భాగం రోబోకి ఏ సాయమూ చేయకుండా పక్కన కూర్చుంటుంది. 1988లో పవర్‌మాస్టర్ ఆప్టిమస్ ఈ ముడి విప్పింది. ఇంజిన్‌గా మారే చిన్న మనిషిని ముందు గ్రిల్‌లో తొడిగితే తప్ప తాళం వీడదు, క్యాబిన్ మారదు. క్యాబిన్ చిన్న రోబో అవుతుంది, ట్రైలర్ పెద్ద రోబో ఒళ్లవుతుంది, రెండూ కలుస్తాయి. 2002లో ఆర్మడా వరసలో వచ్చిన ఆప్టిమస్‌లో కూడా ట్రైలర్ పెద్ద రూపంలో కలుస్తుంది. చూడటానికి రెండూ మొద్దుగానే ఉంటాయి, షెల్ఫ్ మీద ఎంపీ-44 పక్కన పెడితే ఎవరూ వాటి వంక చూడరు. కానీ లారీలో ఏ ముక్కా వృథా పోలేదు. ఆ ధైర్యం మాస్టర్‌పీస్ ఆప్టిమస్‌లలో నాకు కనబడలేదు. అందుకే ఎంపీ-10కి కూడా పదికి పది వేయలేదు.

షెల్ఫ్‌రాజా:
పవర్‌మాస్టర్ నడుం తిరగదు, మోకాలు వంగదు. దానికి మీరు ఎన్ని వేస్తారో చెప్పండి ముందు.

కన్వాయ్_కాకినాడ:
ఎనిమిది. ఆలోచనకి పూర్తి మార్కులు, కదలికకి తగ్గించాను.

షెల్ఫ్‌రాజా:
అంటే మోకాలు వంగని బొమ్మ ఎంపీ-44 కంటే అర మార్కు ఎక్కువ. మన ఇద్దరికీ తేడా ఎక్కడుందో ఇప్పుడు అందరికీ కనబడింది. నేను ఒప్పుకోను. ఒక పని చేద్దాం. ఇక నుంచి నా రివ్యూలో రోబోకి వేరే మార్కు, లారీకి వేరే, మార్చే తీరుకి వేరే రాస్తాను. మూడూ కలిపి ఒక్క అంకె ఇవ్వను. ఎవరికి ఏది కావాలో వాళ్లే చూసుకుంటారు. ఎంపీ-44కి రోబో తొమ్మిదిన్నర, అక్కడ ఒక్క పాయింటు కూడా తగ్గించను. మార్చే తీరు ఏడు.

ఆటోనగర్_బాబాయ్:
లారీకి మార్కు వేసే ముందు బల్ల మీద తోసి వీడియో పెట్టు రాజా. చక్రాలు ఆనుతున్నాయో లేదో నేను చెప్తాను.

చిన్నోడి_అమ్మ:
నాలుగో గడి కూడా పెట్టండి, ఎంత ఎత్తు నుంచి పడితే విరగదో. అంత ఖరీదైన బొమ్మని మీరు పడేయరని తెలుసు, కానీ పిల్లలకి కొనేవాళ్లు మొదట చూసేది అదే. డిసెంబర్‌లో హైదరాబాద్ వస్తున్నాం. బెల్లంకొట్టు తమ్ముడూ, ఎర్త్‌రైజ్ ఇంకొకటి కావాలంటే చెప్పు, సూట్‌కేసులో చోటుంది.