"కనిపెట్టుకొని యుండుము" అంటే ఏం కనిపెట్టాలి?

ఐటీ కారిడార్ జీవి:
గ్రూప్‌లో పెద్దలకు నమస్తే. మొన్న ఆదివారం మా టీమ్‌లో ఫ్రెండ్ పిలిస్తే సికింద్రాబాద్‌లో వాళ్ల చర్చికి వెళ్లాను, క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం అంట, అందులో మొదటిది. పాస్టర్ గారు కీర్తనలు 27:14 చదివారు, "ధైర్యము తెచ్చుకొని నీ హృదయమును నిబ్బరముగా నుంచుకొనుము, యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము". నాకు కనిపెట్టడం అంటే ఎడిసన్ బల్బు కనిపెట్టాడు, అంతే. దేవుడి కోసం ఏం కనిపెట్టాలి? ఇది తప్పు తర్జుమానా, లేక మన భాషలోనే ఈ అర్థం ఉందా? ఫ్రెండ్‌ని అడిగితే "అంటే వెయిట్ చేయాలి బ్రో" అని తేల్చేశాడు. మరి ఎదురుచూడు అని రాయొచ్చు కదా.

ఉప్పుగూడ పోరడు:
తప్పేం లేదన్నా. మా అమ్మమ్మ పొలం కాడికి పోయేటప్పుడు "జర ఇల్లు కనిపెట్టుకొని ఉండు బిడ్డా, కోళ్లు వడ్ల మీద పడ్తయ్" అంటుండె. మేము చర్చికి పోయేటోళ్లం కాదు, అయినా ఈ మాట ఇంట్ల ఉండె.

మారేడ్‌పల్లి అక్క:
తమ్ముడు చెప్పింది కరెక్ట్, అసలు పాయింట్ అక్కడే ఉంది. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి (ఇరవై ఏళ్లుగా సండే స్కూల్ చెప్తున్నా, ఈ మాట ప్రతి ఏడాదీ ఏదో ఒక పిల్లాడు అడుగుతాడు).

కని అంటే చూసి. దానికి పెట్టు చేరింది, చూపు అక్కడే పెట్టి ఉంచడం. పిల్లాడిని ఒక కంట కనిపెట్టు అంటాం కదా, అదే. అలా చూస్తూ ఉంటే దాగి ఉన్నది దొరుకుతుంది కాబట్టి దొంగని కనిపెట్టాడు అని వచ్చింది, తర్వాత బల్బు, టెలిఫోను అన్నీ ఆ దారిలోనే వచ్చాయి. స్కూలు పుస్తకాల వల్ల మనకి ఈ చివరిదొక్కటే మిగిలింది, బైబిల్‌లో పాతది అలాగే ఉండిపోయింది.

ఎదురుచూడు అని ఎందుకు రాయలేదంటే, రాశారు! యెషయా 40:31 చూడండి, "యెహోవాకొరకు ఎదురుచూచువారు నూతన బలము పొందుదురు". పాత నిబంధన మూల భాష హీబ్రూలో అక్కడా కీర్తన 27లోనా ఒకటే క్రియ. మనవాళ్లు ఒకచోట ఎదురుచూచు పెట్టారు, ఇంకోచోట కనిపెట్టు పెట్టారు. అందరూ ఒకటే అనుకుని చదివేస్తారు గానీ నా చెవికి తేడా ఉంది. ఎదురుచూడటం బస్టాపులో కూడా చేస్తాం, ఫోన్ చూసుకుంటూ. కనిపెట్టుకుని ఉండటం అలా కుదరదు, కన్ను తీస్తే కోళ్లు వడ్ల మీద పడ్తాయి మరి.

కీర్తన 130 చదవండి, "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది". శ్రమల దినాల్లో, అంటే ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాస కాలంలో, ఈ కీర్తన వింటుంటాం. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తాత రాత్రంతా గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చుంటాడు, నాలుగున్నరకి పాల బండి వస్తే లేచి నిలబడి ఒళ్లు విరుచుకుంటాడు, అప్పటికి ఇంకా చీకటే. ఆ ఇంకా చీకటే అన్న టైముంది చూడండి, నాకు ఆ వచనం అక్కడే అర్థమైంది, ప్రసంగాల్లో కాదు. తెల్లారుతుందా లేదా అని తాతకి డౌట్ ఉండదు, ఎప్పుడా అనే.

ఐటీ కారిడార్ జీవి:
అక్కా మస్తు చెప్పారు. అంటే విశ్వాసం అన్నమాట. అయితే ఈ మాట ఆగమన కాలానికి మాత్రమేనా?

మారేడ్‌పల్లి అక్క:
అదే చెప్పబోతున్నా, సంవత్సరమంతా తిరుగుతుంది ఇది. క్రిస్మస్ అయ్యాక సుమెయోను అనే భక్తుడి భాగం చదువుతారు లూకా 2లో, ఆయన "ఇశ్రాయేలుయొక్క ఆదరణకొరకు కనిపెట్టువాడు". ముసలాయన, చివరికి పసివాడైన యేసుని చేతుల్లోకి ఎత్తుకున్నాడు. ఈస్టర్ తర్వాత నలభయ్యో రోజు ఆరోహణం, అంటే యేసు పరలోకానికి వెళ్లిన రోజు, అక్కడ అపొస్తలుల కార్యములు 1:4, "తండ్రియొక్క వాగ్దానముకొరకు కనిపెట్టుడి" అని శిష్యులకి చెప్పి వెళ్లాడు, పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు దాకా పది రోజులు అందరూ ఒకచోట కూడి ప్రార్థనలోనే ఉన్నారు. కనిపెట్టు ప్రార్థన అని కొన్ని సంఘాల్లో పెడతారు చూశారా, ఆ పేరు ఇలాంటి వచనాల మీదే.

రిటైర్డ్ తెలుగు మాస్టారు, బోయిన్‌పల్లి:
అమ్మా బాగా రాశావు. ఒక్క మనవి, ధాతువు పట్టుకుని ప్రసంగం అల్లేయడం మాత్రం ప్రమాదం. ఈ హీబ్రూ మాటకి దారం పేనడం అని అర్థం, కాబట్టి దేవుడితో పేనుకుపోవాలి అని పదిచోట్ల విన్నాను. మాట పుట్టుక వేరు, వాడుక వేరు. కనిపెట్టులో పెట్టు ఉంది కదా అని దేవుడికి అన్నం పెట్టాలి అంటామా?

మారేడ్‌పల్లి అక్క:
మాస్టారూ, దొరికిపోయాను 😄 నేను చెప్పేది వాడుక మీదేనండీ, ధాతువు మీద కాదు. అయితే అన్నం సంగతి మీరే ఎత్తారు కాబట్టి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు చెప్తా, 1 కొరింథీయులకు 11:33: "భోజనము చేయుటకు మీరు కూడి వచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి". కొరింథు సంఘంలో డబ్బున్నోళ్లు ముందే వచ్చి తినేస్తున్నారు, లేనోళ్లు ఆకలితో ఉంటున్నారు, ఈ ఉత్తరం రాసిన పౌలు కోపం దాని మీద. మూలంలో ఉన్న ఆ గ్రీకు మాటకి ఎదురుచూడండి అనీ చెప్తారు, చేర్చుకోండి ఆదరించండి అనీ చెప్తారు, పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. తెలుగులో ఆ తగువే లేదు, కనిపెట్టుకుని ఉండటంలో ఎదురుచూడటం ఉంది, బాగోగులు చూసుకోవడం కూడా ఉంది. ఈ ఒక్క వచనం కోసమైనా ఆ మాట మార్చకూడదని నా వాదన.

మా చర్చిలో ప్రేమ విందు (సంఘమంతా కలిసి తినే భోజనం) రోజు వడ్డించేవాళ్లు ఆఖర్న తింటారు. పోయిన కోత పండుగకి, గుమ్మడికాయలు, బియ్యం, కోళ్లు వేలం వేసేసరికే రెండయింది, మేం గరిటెలు పెట్టి కూర్చునేసరికి మూడున్నర, బగారా అన్నం అడుగంటింది, మటన్‌లో పులుసే మిగిలింది. అప్పుడు కుర్చీలు సర్దే కుర్రాడు వంటింట్లోంచి స్టీలు డబ్బా తెచ్చాడు, పైన ప్లేటు బోర్లించి ఉంది, "ఆంటీ మీకని తీసిపెట్టినం" అన్నాడు. ఐదుగురం ఆ డబ్బాలోంచే తిన్నాం. ఆ రోజు పొద్దున ప్రసంగం కృతజ్ఞత మీద నలభై నిమిషాలు జరిగింది, అందులో ఒక్క ముక్క గుర్తులేదు నాకు, డబ్బా గుర్తుంది.

మెదక్ అల్లుడు:
కోత పండుగ అన్నారు కాబట్టి, కీర్తన 104:27లో కూడా ఇదే మాట, "తగిన కాలమున నీవు వాటికి ఆహారమిచ్చెదవని ఇవన్నియు నీ దయకొరకు కనిపెట్టుచున్నవి". ఇక్కడ కనిపెట్టేది మనుషులొక్కరే కాదు, జంతువులు, సముద్రంలో చేపలూ కూడా. మా మెదక్ చర్చి కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొర పని ఇచ్చి తిండి పెట్టి కట్టించింది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. ఆ కూలీలకి ఈ వచనం ఎట్ల వినపడి ఉంటదో అనిపిస్తది నాకు.

ఉప్పుగూడ పోరడు:
అక్కా ఇవన్నీ మంచిగనే ఉన్నయ్ గానీ ఇప్పటి పిల్లలకు అర్థం కాకపోతే ఏం లాభం? మార్చేస్తే పోలే?

మారేడ్‌పల్లి అక్క:
అర్థం కాక అడిగాడు కాబట్టే కదా బాబూ ఇంత మాట్లాడుకున్నాం. "వేచియుండుము" అని ఉంటే మన ఐటీ తమ్ముడు ఆవలించి ఊరుకునేవాడు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనని అందరం వాచ్‌నైట్ అంటాం, మెథడిస్టుల దగ్గర్నుంచి వచ్చిన అలవాటు అది, వాచ్ అన్నదానికి ఇంతకన్నా సరిపోయే తెలుగు నాకైతే దొరకలేదు. కనిపెట్టు రాత్రి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు, బోయిన్‌పల్లి:
కనిపెట్టు రాత్రి. ఇది నువ్వు కనిపెట్టిందే అమ్మా, రాసి పెట్టుకుంటాను.

ఐటీ కారిడార్ జీవి:
అక్కా ఈసారి 31కి కూడా వస్తా, పది గంటలకి వస్తే చోటు దొరుకుతుందా?

మారేడ్‌పల్లి అక్క:
పదికి వస్తే పార్కింగ్ లేదు, కుర్చీ లేదు. మెట్రోలో రా, తొమ్మిదికల్లా రా, మీ ఫ్రెండ్‌కి చెప్పు నీకు సీటు కనిపెట్టుకుని ఉండమని.