కదిలే ట్రాక్ లింకులు: షెల్ఫ్ దిగని ట్యాంకుకి ఇవి అవసరమా?

స్ప్రూ_కట్టర్:
1/35 స్కేల్లో టైగర్ 1 (రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు) ప్లాస్టిక్ మోడల్ కడుతున్నా. ట్రాక్‌కి, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసుకి, కిట్‌తో వచ్చినవి విడి ప్లాస్టిక్ లింకులు, జిగురుతో అతికించేసే రకం. అవి పక్కన పడేసి వైట్ మెటల్‌వి (మెత్తటి లోహపు పోతవి), పిన్నులతో కదిలేవి, వేరే కొనమని అందరూ ఒకటే పోరు. పక్కకి 96, మొత్తం 192 లింకులు. ఎటూ కదలని బొమ్మకి కదిలే ట్రాక్ ఎందుకండీ? డబ్బు సంగతి అటుంచండి, అంత ఓపిక పెట్టినందుకు కంటికి ఏమైనా తేడా కనిపిస్తుందా?

అరమిల్లీ_డ్రిల్:
కదలడానికి కాదు, కుంగడానికి. టైగర్‌కి రిటర్న్ రోలర్లు, అంటే ట్రాక్ పై వరసని ఎత్తి పట్టే చిన్న చక్రాలు, లేవు. పై వరస తన బరువుతో రోడ్ వీల్స్ (నేల మీద నడిచే పెద్ద చక్రాలు) మీదే వాలుతుంది. ముందు స్ప్రాకెట్ (ట్రాక్‌ని లాగే పళ్ల చక్రం) ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్కణ్ణుంచి మొదటి చక్రం మీదికి దిగే చోట ఒక వంపు వస్తుంది. మెటల్ ట్రాక్ వేస్తే ఆ వంపు దానంతటదే వస్తుంది, మనం చెక్కక్కర్లేదు. పైగా ఒక పిన్ను లాగితే ట్రాక్ మొత్తం ఊడి చేతికొస్తుంది. ఒకదాని వెనక ఒకటి దూరిన ఆ చక్రాలకి రంగు వేసినవాళ్లకి అది ఎంత సుఖమో తెలుసు.

పాత_జిగురు:
వంపు జిగురుతోనూ వస్తుంది. లింకుల్ని మాస్కింగ్ టేప్ మీద వరసగా పేర్చి లిక్విడ్ సిమెంట్ పూసి వదిలెయ్యండి. గట్టిపడక ముందే, ఇంకా తోలులా వంగుతున్నప్పుడే, చక్రాల చుట్టూ తిప్పండి. ఫెండర్‌కీ ట్రాక్‌కీ మధ్య స్పాంజి ముక్కలు కుక్కి, చక్రాల మీదికి నొక్కి పెట్టి రాత్రంతా ఉంచండి. స్ప్రాకెట్ దగ్గర ఒక అతుకు, ఐడ్లర్ (వెనక చివరి చక్రం) దగ్గర ఒకటి జిగురు పెట్టకుండా వదిలితే రంగుకి రెండు ముక్కలుగా ఊడొస్తుంది కూడా. డ్రిల్ గారు మెటల్ లింకులకి చిల్లులు పొడుస్తూ కూర్చునేలోపు నా ట్యాంకుకి బురద పూయడం కూడా అయిపోతుంది.

అరమిల్లీ_డ్రిల్:
అన్నా, అన్ని లింకులకీ పొడవక్కర్లేదు, పోతలో మూసుకుపోయిన వాటికే. 0.5 మి.మీ. బిట్టు పిన్ వైస్‌లో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్లులో) పెట్టి, నొక్కకుండా వేళ్లతో తిప్పాలి. లోహం మెత్తన, పొట్టు బిట్టుకి చుట్టుకుంటుంది. రెండు చుట్లు ముందుకి, ఒకటి వెనక్కి తిప్పి పొట్టు లాగెయ్యాలి. నొక్కితే బిట్టు లోపలే విరుగుతుంది, ఇక ఆ లింకు చెత్తబుట్టకే. పిన్నుగా దూర్చే తీగ చివర ఏటవాలుగా కత్తిరిస్తే తడుముకోకుండా దూరుతుంది. సూపర్ గ్లూ సూది మొనతో, బయటి అంచున మాత్రమే. చుక్క ఎక్కువైతే లోపలికి పాకి కీలు బిగుసుకుంటుంది, అప్పుడు మీ ట్రాకూ నా ట్రాకూ ఒకటే!

షెర్మన్_పక్షం:
ఇద్దరూ టైగర్ చుట్టూనే తిరుగుతున్నారు. అమెరికన్ ట్యాంకు షెర్మన్ దగ్గరికొస్తే డ్రిల్ గారి వాదన తిరగబడుతుంది. దాని ట్రాక్ పిన్నుల చుట్టూ రబ్బరు బుష్‌లుంటాయి, అందుకే అది టైగర్ ట్రాక్‌లా వేలాడదు, బిగువుగా ఉంటుంది. దానికి వదులు మెటల్ ట్రాక్ తొడిగి కిందికి జారనిస్తే తప్పు బొమ్మే. శ్రమ చూస్తారా, పక్కకి 79 షూలు (దాని లింకులు), ఒక్కో షూకి రెండు ఎండ్ కనెక్టర్లు (షూల అంచుల్ని కలిపే ముక్కలు). లెక్కేస్తే రెండు పక్కలా కలిపి 474 ముక్కలు, అన్నీ ఆ బిగువు పాడు చెయ్యడానికే! అదే సోవియట్ ట్యాంకు టి-34కైతే మెటలే వేస్తాను. పక్కకి 72 లింకులు, ఒకటి పన్నున్నది, ఒకటి పన్ను లేనిది. రోలర్లు లేవు, చక్రాల మీద బరువుగా కూర్చుంటుంది.

పాత_జిగురు:
బరువు అన్నారు కాబట్టి ఇంకోటి. కిట్ సస్పెన్షన్ కదిలేలా కడితే మెటల్ ట్రాక్ లాగుడుకి చక్రాల్ని పట్టే ప్లాస్టిక్ చేతులు ఒరిగి చక్రాలు వంకర నిలబడతాయి. ముందే జిగురు పెట్టి బిగించెయ్యాలి. అంటే ట్రాక్ కదలాలని సస్పెన్షన్ కదలకుండా చెయ్యడం. నవ్వొస్తోంది నాకైతే.

రెజిన్_రాజు:
ఈ గొడవంతా పాత తరానిది. త్రీడీ ప్రింటు లింకులు వచ్చాక డ్రిల్లూ లేదు, తీగా లేదు, క్లిక్కుమని దిగిపోతాయి.

అరమిల్లీ_డ్రిల్:
దిగుతాయి, ఎదురు దిశలో వంచితే క్లిక్కుమని విరుగుతాయి కూడా. వాటికి బరువూ లేదు, వంపు కావాలంటే మళ్లీ స్పాంజి ముక్కలే. అరిగిన చోట మెరుపు కావాలన్నా రంగే పూయాలి. మెటల్‌ని నల్లబరిచే మందులో ముంచి, నేలకి తగిలే అంచుల్ని సన్నటి గరుకు కాగితంతో ఒకసారి రుద్దితే అసలు లోహమే బయటపడుతుంది. ముంచే ముందు మాత్రం చేతి జిడ్డు పోయేలా కడగండి, లేకపోతే మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది.

స్ప్రూ_కట్టర్:
నాది బురదలో కూరుకున్న టైగర్. మెరిసే అంచులు సగం మట్టి కిందే పోతాయి. అందుకని కిట్ లింకులతోనే, పాత_జిగురు గారి పద్ధతిలో కడతాను. పక్క ఫెండర్లు మాత్రం బిగించను, వంపు కనబడాలిగా. ట్యాంకు ఒంటి మీద వేలాడే స్పేర్ లింకులకి మెటల్‌వి విడిగా ఎవరి దగ్గరైనా మిగిలుంటే చెప్పండి.

అరమిల్లీ_డ్రిల్:
నా దగ్గర నాలుగు మిగిలాయి, పంపిస్తా. ఆ నాలుగూ చేత్తో పట్టుకున్నాక మిగతా 192 ఎప్పుడు కొంటారో చూద్దాం.

పాత_జిగురు:
ఇలాగే మొదలుపెడతారు వీళ్లు. బాబూ, తీసుకో, కానీ తూకం వెయ్యకు.